రావమ్మ ఉప్పు

రంగులద్దే ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. నీళ్ళు నాలుక మీద వేసుకోనిదే రంగు కలపరు. నీళ్ళ గుణం రంగు కలిపాక తెలిస్తే ఏం లాభం, అప్పటికి నూలు పాడైపోయి ఉంటుంది. మంగళగిరి కొండ వారన ఉన్న ఆ ఇంట్లో ఇప్పుడు అద్దకమంతా కుళాయి నీళ్ళతోనే. అయినా నాగమల్లేశ్వరి మాత్రం తెల్లవారగానే పెరట్లోని పాత బావి దగ్గరికి వెళ్ళేది. చేద దించి, ఒక్క చేదడు నీళ్ళు తోడి, చిటికెన వేలు ముంచి నాలుకకు రాసుకునేది. రాసుకుని కాసేపు కళ్ళు మూసుకు నిలబడేది. చూసినవాళ్ళు పెద్దావిడ పాత అలవాటు మానలేకపోతోంది అనుకునేవారు.

అది అలవాటు కాదు, పలకరింపు. ఆ బావిలో ఆమె చెల్లెలు ఉంది.

అక్కచెల్లెళ్ళిద్దరినీ ఒకే ఇంటికి ఇచ్చారు. అన్నకి నాగమల్లేశ్వరి, తమ్ముడు చౌడయ్యకి రావమ్మ. రావమ్మ కాపురానికి వచ్చిన రెండో ఏడు, మంచి ఎండాకాలంలో, రంగు వేసిన నూలు చిలపలు జాడించడానికి బావి దగ్గరికి వెళ్ళింది. గుంట మగ్గాల చప్పుడులో ఎవరికీ ఏమీ వినపడలేదు. చిలపలు ఆరేయడానికి ఎంతకీ రాకపోతే అత్తగారు వెళ్ళి చూసింది. గట్టు మీద చిలపలు ఉన్నాయి, పిల్ల లేదు. కాలు జారిందో, తనే దూకిందో చూసినవాళ్ళు లేరు. దూకాల్సిన కష్టం ఏముందని కొందరు అన్నారు, లేకపోతే జారేంత చిన్నపిల్లా అని కొందరు అన్నారు.

మరుసటి ఏడు బావి నీళ్ళు ఉప్పు తిరిగాయి. అంతకుముందు ఆ బావి నీళ్ళకి వీధిలో పేరుండేది. దాంట్లో జాడించిన నూలుకి ఎరుపు ఎరుపుగా, నీలం నీలంగా నిలిచేది. కొండ లోపలి నుంచి రాతి నెర్రెలో ఊట వస్తుందని, అది వాన దేవుడు దాచిపెట్టుకున్న నీరని ముసలాళ్ళు చెప్పేవారు. అలాంటి నీళ్ళలో ముంచిన చిలపలు ఆరేసరికి తెల్లటి పొడి పూసుకుని కనిపించాయి. రంగు మచ్చలు మచ్చలుగా దిగింది. బావి వైపు గోడకి సౌడు ఎక్కి, తడి చేత్తో చరిచినట్టు తెల్ల మరకలు తేలాయి. ఎన్నిసార్లు వెల్ల వేసినా లోపలి నుంచి మళ్ళీ పైకొచ్చేవి. ఇక వీధికి వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. రావమ్మే నీళ్ళు పాడు చేస్తోందన్నారు.

అప్పటి నుంచి చౌడయ్య ఏటేటా ఆషాఢ అమావాస్య నాడు ఒక గంప సున్నం తడిపి, లోపలి గోడల వెంబడి కారేలా బావిలో పోసేవాడు. తెలుపు మీద దయ్యం అడుగు పెట్టదని, సున్నం పడ్డచోటి నుంచి పైకి రాదని ఆ పక్క నమ్మకం. పోసేటప్పుడు మాట్లాడేవాడు కాదు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. భార్య పేరు ఎత్తేవాడు కాదు, ఇంకెవర్నీ ఎత్తనిచ్చేవాడు కాదు.

నాగమల్లేశ్వరి లెక్క వేరు. నీళ్ళు ఉప్పయ్యాయని తెలిసిన రోజు ఇంట్లో అందరూ వణికారు, ఆమె ఒక్కతే లోలోపల ఊరడిల్లింది. పోయిందనుకున్న పిల్ల ఎక్కడికీ పోలేదు. వానాకాలంలో ఉప్పు కాస్త తగ్గేది. ఇవాళ దాని మనసు బాగుంది అనుకునేది. ఎండల్లో నాలుక చుర్రుమనేది. ఏమే, ఏం కోపం వచ్చింది, అనుకునేది. పెనిమిటి పోయినప్పుడు కూడా ముందు ఆ బావికే చెప్పుకుంది. ముప్పయ్యేళ్ళకు పైగా సాగుతున్న పలకరింపు అది. ఇంట్లో ఎవరికీ ఈ సంగతి తెలియదు.

ఇలా జరిగిపోతుండగా కొడుకు సురేష్ భార్య ధనశ్రీ రెండోసారి నీళ్ళోసుకుంది. మొదటి కడుపు నాలుగో నెలలో పోయింది. ఆ పిల్లకి బావి అంటే భయం. పెరట్లోకి వెళ్ళాల్సి వస్తే ముందు వంటింటి కిటికీలోంచి చూసుకుని, గోడ మీది మరకలవైపు తల తిప్పకుండా వెళ్ళి వచ్చేది. ఆమె భయం చూసి చౌడయ్య తాడేపల్లి వైపు నుంచి జక్కయ్య అనే అతన్ని పిలిపించాడు. భూతాలకు కట్టు వేస్తాడని అతనికి పేరు. జక్కయ్య స్కూటీ మీద వచ్చి బావి చుట్టూ తిరిగి చూసి, నాలుగు మూలలా ఇనప మేకులు దిగ్గొట్టి, పైన రాతిపలక వేసి, సిమెంటుతో మూసేయాలన్నాడు. ఇక అది లేవదని మాట ఇచ్చాడు. కానీ కట్టు పడ్డాక ఆ మనిషికి దీపం పెట్టకూడదు, అన్నం పెట్టకూడదు, పేరు తలవకూడదు. వచ్చే ఆదివారానికి ముహూర్తం అనుకున్నారు.

నాగమల్లేశ్వరి ఆ మాట ఒప్పుకోలేకపోయింది. రావమ్మ పసుపు కుంకాలతో పోయిన మనిషి. వీధిలో అలా పోయిన ఆడవాళ్ళని ఇంటి పేరంటాలుగా కూర్చోబెట్టి, ఏటా మగ్గం మీద ఒక చీర నేసి పెడతారు. తన చెల్లెలికి మాత్రం మేకులా? ఆ సాయంత్రం మగ్గం దిగి కాళ్ళు కడుక్కుంటున్న మరిది దగ్గరికి వెళ్ళి అడిగింది. చౌడయ్య చెంబు కింద పెట్టి, ఆమె ముఖంలోకి చూడకుండా, "నీళ్ళు పాడు చేసినదాన్ని పేరంటాలుగా ఎట్టా కూచోబెడతా వదినా? రేపు ఆ పిల్లకేమన్నా అయితే నీ కొడుక్కి ఏం చెప్తావు?" అన్నాడు.

నాగమల్లేశ్వరి వెనక్కి వచ్చేసింది. ధనశ్రీ కడుపులో ఉన్నది తన మనవడో మనవరాలో కదా.

ఆ రోజుల్లోనే కొండ పక్క ఖాళీ స్థలంలో డ్రిల్లింగ్ బండి ఒకటి దిగింది. అది నీళ్ళ బోరు కాదు. కొండ రాతిని లోపలి నుంచి కోసి, చెరుకు గడల్లాంటి రాతి కడ్డీలుగా పైకి తీసి రేకు పెట్టెల్లో పేర్చుకుంటున్నారు. ఆ పనికి పెద్ద భానుశ్రీ అనే అమ్మాయి. ముప్పై దాటి ఉంటాయి, ఎండకి తలపాగాలా తువ్వాలు చుట్టుకుని తిరిగేది. భూమి అడుగున ఏ కాలంలో ఏ నీళ్ళు పారాయో రాతిలోని నెర్రెలు చూసి చెప్పడం తన పని అని వీధిలో ఆడవాళ్ళకి చెప్పింది. వాళ్ళు నవ్వి, ముందు మా కుళాయికి నీళ్ళు ఎప్పుడొస్తాయో చెప్పమన్నారు.

కడ్డీల్లో కనిపించిన నెర్రె ఒకటి నాగమల్లేశ్వరి వాళ్ళ బావి వైపే సాగుతోందట. బావి లోపలి రాతిగోడ చూడనిస్తారా అని భానుశ్రీ వచ్చి అడిగింది. చౌడయ్య విజయవాడ వెళ్ళి ఉన్నాడు. నాగమల్లేశ్వరి ఒక్క క్షణం ఆలోచించి సరేనంది. ఆ అమ్మాయి నడుముకి తాడు కట్టుకుని, ఇనప నిచ్చెన దించుకుని, బెరుకు లేకుండా బావిలోకి దిగుతుంటే ఈవిడ గట్టు పట్టుకుని చూస్తూ నిలబడింది. చాలాసేపు ఉలి చప్పుడు వినిపించింది. పైకి వచ్చాక భానుశ్రీ గుప్పెడంత రాతిముక్క చూపించింది. నల్లరాయి మధ్యలో చారలు చారలుగా ఏదో గట్టిపడి ఉంది. మాట్లాడుతూ మాట్లాడుతూనే దాన్ని నాలుక కొసకు తాకించింది.

నాగమల్లేశ్వరి ఒక అడుగు ముందుకు వేసింది. ఆ రుచి ఇన్నేళ్ళుగా తనొక్కదానిదే.

"రాయిని నాకుతావేందమ్మాయ్?"

"మా పనిలో ఇదో అలవాటండీ. ముందు నాలుకతో చూస్తాం, తర్వాత మిషన్‌లో చూస్తాం."

"ఉప్పుందా?"

"ఉందండీ."

"ఎప్పటి ఉప్పో చెప్పగలవా?"

భానుశ్రీ ఆమెకేసి వింతగా చూసింది. తను బావిలోకి దిగింది అదే తెలుసుకోవడానికి అని, గురువారం విజయవాడ గవర్నర్‌పేటలోని తమ ఆఫీసుకి వస్తే చూపిస్తానని చెప్పింది.

గురువారం నాగమల్లేశ్వరి గవర్నర్‌పేటలో హోల్‌సేల్ కొట్టుకి వేయాల్సిన చీరల మూట తనే తీసుకెళ్తానంది. నిజాం అంచు చీరలు కొట్లో అప్పగించి, ఆటోలూ బళ్ళూ తప్పించుకుంటూ, భానుశ్రీ చెప్పిన మేడ వెతుక్కుని మెట్లెక్కింది. పై అంతస్తులో ఇరుకు గది. గోడ పొడుగునా రేకు పెట్టెలు. భానుశ్రీ ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది. బావి రాతిముక్కను ఉల్లిపొర కన్నా పలచగా కోసి గాజుపలక మీద అంటించి ఉంచింది.

"నీళ్ళు కాగే కాగులో గార పడుతుంది చూశారా? ఏ నీళ్ళకి ఆ గార. కాలవ నీళ్ళకి ఒక రకం, బోరు నీళ్ళకి ఒక రకం. రాతి నెర్రెల్లోనూ అంతేనండీ. పారిన నీళ్ళన్నీ గార వదిలిపెట్టి పోయినాయి. మేం కాల్సైట్ అంటాం. ఒక పొర మీద ఇంకో పొర."

ఒక్కో పొరా వేలితో చూపించింది. అన్నిటికన్నా అడుగున తేనె రంగుది, భూమి లోతు నుంచి వేడి నీళ్ళు వచ్చిన కాలానిది. దాని మీద తుప్పు రంగుది, కొండమీది వాన నీళ్ళు దిగిన కాలానిది. ఆ పైన బూడిద రంగుది. దాని దగ్గర ఆగి, మైక్రోస్కోపు సరిచేసి చూడమంది.

నాగమల్లేశ్వరి ఒక కన్ను మూసి చూసింది. మొదట ఏమీ తెలియలేదు. తర్వాత ఒక చిన్న గది కనిపించింది, నాలుగు పక్కలా గాజు గోడలున్నట్టు. గదిలో నీళ్ళు. నీళ్ళలో ఒక బుడగ. అది వణుకుతోంది. ఈ మూలకి వచ్చి, ఆ మూలకి పోయి, దారి వెతుక్కుంటున్నదానిలా.

"అవి అప్పటి నీళ్ళేనండీ. గార కట్టేటప్పుడు లోపల చిక్కుకుపోయినాయి."

"ఎప్పటి నుంచీ?"

"లెక్క ఇంకా పూర్తిగా తేలలేదు. మీ ఊరు పుట్టకముందు. కృష్ణ ఇప్పుడున్న దారి పట్టకముందు."

"ఇంకా కదులుతానే ఉందే."

"కదులుతానే ఉంటుందండీ. ఆగదు."

నాగమల్లేశ్వరి కన్ను తీసేసింది. మళ్ళీ చూడాలనిపించలేదు. భానుశ్రీ చెప్పుకుపోతోంది. ఆ నీళ్ళలో ఉన్నది సముద్రపు ఉప్పు. సముద్రం ఇప్పటికన్నా లోపలికి వచ్చి ఉన్న కాలంలో, పైనుంచి కాకపోయినా భూమిలోంచి, ఉప్పునీళ్ళు ఈ కొండ కిందికి చేరాయి. తర్వాత వేల ఏళ్ళ వానలు వాటిని అడుగుకి తొక్కేశాయి. అవి అక్కడే పడి ఉన్నాయి. చుట్టుపక్కల లోతు బోర్లు పడి తోడేసరికి మళ్ళీ పైకి లేచాయి. ఇప్పుడు బావిలో ఉన్న ఉప్పూ ఈ బుడగలోని ఉప్పూ ఒకటే.

"మా చెల్లెలు ఆ బావిలోనే పోయింది. మరుసటేడు నీళ్ళు ఉప్పయినాయి," అంది నాగమల్లేశ్వరి.

భానుశ్రీ మైక్రోస్కోపు పక్కకి జరిపింది. తర్వాత మెల్లగా, ఆ రోజుల్లో మీ వీధిలో బోర్లేమన్నా పడ్డాయా అని అడిగింది.

పడ్డాయి. రావమ్మ పోయిన మరుసటేడు కరువు ఎండాకాలం. బావిలో నీళ్ళు అడుగంటితే వీధి వీధంతా పోటీ పడి బోర్లు వేశారు. బళ్ళ రొదకి పసిపిల్లలు నిద్రపోయేవాళ్ళు కాదు. నాగమల్లేశ్వరికి అదంతా గుర్తుంది. గుర్తుండీ ఎన్నడూ ఆ రెంటినీ కలిపి చూడలేదు.

తను వచ్చింది ఆ మాట కోసమే. రావమ్మ నీళ్ళు పాడు చేయలేదు. ఇంటికి వెళ్ళి చెప్తే మేకులు ఆగుతాయి. సంతోషించాల్సిన మాట అది, కానీ ఆమెకు సంతోషం రాలేదు. ఆ ఉప్పు రావమ్మది కాకపోతే, రోజూ పొద్దున్నే తన నాలుక మీద ఉన్నది ఎవరు? కోపం వచ్చిందనీ మనసు బాగుందనీ తను మాట్లాడుతూ వచ్చింది ఎవరితో?

"ఈ పైపొర ఒక్కటే నాకు అంతుపట్టడంలేదండీ," అని భానుశ్రీ రాతిముక్క అంచు చూపించింది. అక్కడ తెల్లగా, సుద్దలా, పూత మీద పూత వేసినట్టుంది. "ఇంత మందం కట్టాలంటే వేల ఏళ్ళు పట్టాలి. చూస్తే నిన్నమొన్నటిది. కొండమీంచి మంచినీళ్ళు దిగే నెర్రె నోరు దీంతోనే మూసుకుపోయింది. అది తెరిచి ఉంటే బావిలో ఉప్పు ఎప్పుడో పలచబడేది. బావిలో ఏమన్నా పోశారా?"

"సున్నం," అంది నాగమల్లేశ్వరి. "ఏటేటా పోశాం."

"ఎందుకండీ?"

పొద్దుపోతోంది, బస్సు దొరకదని నాగమల్లేశ్వరి లేచింది.

బస్సు వారధి మీదికి వచ్చేసరికి కిటికీలోంచి కృష్ణ కనిపించింది. ఇసుక దిబ్బల మధ్య నీళ్ళు మెరుస్తున్నాయి. నాగమల్లేశ్వరి అటు చూడలేకపోయింది. కట్టు వేస్తే చెల్లెలు బావిలోనే ఉంటుంది, కాకపోతే దయ్యంగా. నిజం చెప్తే దయ్యం కాదు, కాకపోతే ఉండదు. ఇన్నేళ్ళుగా రావమ్మను కాపాడుకోవడమంటే రావమ్మను దగ్గర ఉంచుకోవడమే అనుకుంది. ఆ రెండూ వేరువేరు పనులని ఇప్పుడు తెలిసింది.

శుక్రవారం, శనివారం ఎవరికీ ఏమీ చెప్పలేదు. పొద్దున్నే బావికి వెళ్ళింది. నీళ్ళు నాలుకకు రాసుకుంది. ఉప్పగా ఉంది. ఏమే, అంది లోపల. ఉప్పగా ఉంది, అంతే.

ఆదివారం పొద్దున జక్కయ్య వచ్చాడు. స్కూటీ స్టాండు వేసి, ఫోను సైలెంటులో పెట్టి, సంచీలోంచి మేకులూ నిమ్మకాయలూ వేపమండలూ తీశాడు. వీధిలో ఆడవాళ్ళు ప్రహరీ అవతల గుమిగూడారు. ధనశ్రీని వంటింటి గుమ్మం దాటి రావద్దన్నారు. ఆ పిల్ల గుమ్మంలోనే పీట వేసుకుని, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. చౌడయ్య స్నానం చేసి తడిబట్టతో నిలబడ్డాడు.

జక్కయ్య ఏదో చదివి, మొదటి మేకు చేతిలోకి తీసుకుని, రక్తసంబంధం ఉన్నవాళ్ళు ఎవరని అడిగాడు. పుట్టింటివాళ్ళలో మిగిలింది నాగమల్లేశ్వరి ఒక్కతే. ఆమెను ముందుకు రమ్మని, బావిలోకి చూస్తూ పేరు పెట్టి ఒక మాట అనమన్నాడు. "రావమ్మ మాకేమీ కాదు" అనాలి. ఆ మాట సొంతవాళ్ళ నోట వస్తేగానీ మేకు పట్టదట.

నాగమల్లేశ్వరి గట్టు దగ్గరికి వెళ్ళింది. కింద నీళ్ళలో తన తల నల్లగా కనిపించింది. నోరు తెరిచింది. ఆ మాట రాలేదు.

"చౌడయ్యా," అంది వెనక్కి తిరిగి. "దీంట్లో అది లేదయ్యా."

"ఏందీ?"

"రావమ్మ ఇందులో లేదు. ఉప్పు దానిది కాదు. అది పుట్టకముందు నించీ, మన తాతముత్తాతలు పుట్టకముందు నించీ కొండ కింద ఉన్న ఉప్పు. బోర్లేసి మనమే పైకి లాగాం. ఆ అమ్మాయి రాయి కోసి చూపించింది. నా కళ్ళతో చూశా."

జక్కయ్య మేకు దించి నవ్వాడు. "రాయి వచ్చి సాక్ష్యం చెప్పుద్దా అమ్మా? దయ్యాలు ఇట్టాగే మాట్లాడిస్తయ్యి. ఆవిడ మీదికి వచ్చినట్టుంది చౌడయ్యగారూ, కాస్త ఎడంగా నిలబెట్టండి."

"నా మీదికి ఎవరూ రాలా. వస్తే బాగుండునని ముప్పయ్యేళ్ళు చూశా," అంది నాగమల్లేశ్వరి. ఆమె అంత గట్టిగా మాట్లాడడం ఇంట్లో ఎవరూ ఎన్నడూ వినలేదు. "మంచినీళ్ళు వచ్చే నెర్రె నోట్లో మనం పోసిన సున్నమే గడ్డకట్టింది. దిగి చూడు. అది ఉప్పు చేస్తందని మనం సున్నం పోశాం, సున్నం పోయబట్టి ఉప్పు పోలా."

చౌడయ్య తడిబట్టతోనే బావిగట్టు మీద కూర్చున్నాడు.

"అయితే ఇన్నేళ్ళూ నేను సున్నం పోసింది ఎవరి మీద వదినా?"

"నీళ్ళ మీద."

చౌడయ్య లేచి వెళ్ళి, గొడ్డలీ గునపం పెట్టే మూల వెతికి గునపం తెచ్చుకున్నాడు. ఆ పొద్దు రావమ్మను పైకి తీసిన నాటి నుంచీ అతను బావిలో కాలు పెట్టలేదు. వద్దంటున్న సురేష్‌ని పక్కకి నెట్టి, రాతిగోడలో కాళ్ళు పెట్టుకునే గూళ్ళు వెతుక్కుంటూ దిగాడు. కింద నుంచి దెబ్బలు వినిపించాయి. ఒక్కో దెబ్బకీ తెల్లటి పెచ్చులు నీళ్ళలో పడుతున్న చప్పుడు. మధ్యలో చప్పుడు ఆగిపోయింది. ఏమైందోనని సురేష్ వంగి పిలిచాడు. జవాబు రాలేదు. ధనశ్రీ పీట మీంచి లేచి, ఎవరు ఆపుతున్నా వినకుండా గట్టు దాకా వచ్చేసింది.

అప్పుడు చౌడయ్య గొంతు వచ్చింది, బావి లోపలి నుంచి పెద్దదై. "చేద దించండి."

వానలు పడి వారమైంది. కొండ లోపల ఎంతకాలంగా ఆగి ఉన్నాయో ఆ నీళ్ళు, నెర్రె నోట్లోంచి చూపుడువేలంత ధారగా వస్తున్నాయి. చౌడయ్య ఆ ధార కింద చేద పట్టి నింపి పంపాడు. పైకి వచ్చిన చేదలో అందరికన్నా ముందు చెయ్యి పెట్టింది ధనశ్రీ. దోసిట్లో తీసుకుని తాగింది. నీళ్ళు గడ్డం మీంచి కారుతుండగా అత్తగారి వైపు తిరిగి, "తియ్యగా ఉన్నాయత్తయ్యా," అంది. ఇన్నాళ్ళకి ఆ పిల్ల ముఖంలో భయం లేదు.

తర్వాత జరిగినదానికి ఎవరూ అడ్డం పడలేకపోయారు. ప్రహరీ అవతల ఆడవాళ్ళు ఇవతలికి వచ్చేశారు. చెంబులూ బిందెలూ వచ్చాయి. రావమ్మ శాంతించింది అన్నారు. కడుపుతో ఉన్న పిల్లకి తనే నీళ్ళిచ్చింది అన్నారు. బోర్ల సంగతీ సముద్రం సంగతీ నాగమల్లేశ్వరి ఇద్దరు ముగ్గురికి చెప్పి చూసింది. వాళ్ళు తల ఊపి, అంతా ఆ తల్లి మహిమ అన్నారు. జక్కయ్య మేకులు సంచీలో వేసుకుంటూ, తను కాలు పెట్టేసరికే దిగొచ్చిందని, మేకు పడే అవసరం లేకుండా పని అయిపోవడం తన సర్వీసులో ఇదే మొదలని చెప్పుకుంటూ వెళ్ళాడు.

చౌడయ్య పేరంటాలుని కూర్చోబెడతానన్నాడు. ఎవరూ అడగకుండానే అన్నాడు. మగ్గం మీద ఉన్న పని పక్కనపెట్టి చీరకి పడుగు ఎక్కించాడు. వరండాలో తూర్పు గోడకి గూడు కట్టించాడు. ఇక పటం కావాలి. రావమ్మ ఫోటో ఒక్కటీ లేదు. చెడ్డచావు చచ్చిందని ఆనాడే ఆమె బట్టలతో పాటు పెళ్ళి ఫోటో కూడా కాల్చేశారు.

అందుకని జాన్‌బాబుని పిలిచారు. కొట్ల బోర్డులు రాస్తాడు, చర్చిలో గోడ మీద బొమ్మలూ వేశాడు. మీ దేవతల ముఖాలు నాకు తెలియవండీ, మీరు చెప్తే నేను గీస్తాను అన్నాడు. కాగితం, పెన్సిలు తీసుకుని వరండాలో చాప మీద కూర్చున్నాడు. అందరూ చౌడయ్య వైపు చూశారు. చౌడయ్య వదినగారి వైపు చూశాడు.

"నాకు ఒక్క ముఖమే గుర్తు వదినా. పైకి తీసినప్పటిది. అది వద్దు. నువ్వు చెప్పు."

నాగమల్లేశ్వరి గోడకి చేరగిలబడి కళ్ళు మూసుకుంది. ఇన్నేళ్ళూ ఇలా కళ్ళు మూసుకుంటే చాలు, రావమ్మ వచ్చేది. వచ్చింది ముఖం కాదని, నాలుక మీది ఉప్పేనని ఇప్పుడు తెలిసింది. ఉప్పును పట్టుకుని ముఖాన్ని ఏనాడో వదిలేసింది. ఎక్కడ వదిలిందో తెలియదు. చీకట్లో తడుముకున్నట్టు లోపలంతా తడుముకుంది. జడ ఉంది, మోచేతి మీద రంగు మరక ఉంది, నవ్వు చప్పుడు ఉందేమో. వాటి మధ్య ఉండాల్సినచోట ఏమీ లేదు.

పెన్సిలు పట్టుకుని జాన్‌బాబు ఎదురుచూస్తున్నాడు. చౌడయ్య రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, బళ్ళో పిల్లాడిలా కూర్చున్నాడు.

"కోలముఖం," అంది నాగమల్లేశ్వరి. "గడ్డం మా అమ్మ గడ్డం. కాస్త నొక్కు ఉంటుంది." కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ధనశ్రీ కనిపించింది. కనుబొమలు అక్కడి నుంచి తీసుకుంది. రాతిముక్కను దగ్గర పెట్టుకుని చూసేటప్పుడు భానుశ్రీ కళ్ళు సన్నగా చేసే తీరు గుర్తొచ్చింది, అదీ చెప్పింది. ముక్కు ఎవరిదో తనకే తెలియదు. ఒకటి తర్వాత ఒకటి చెప్తూ పోయింది. ఒక్కచోట కూడా తడబడలేదు. జాన్‌బాబు చెరుపుతూ, దిద్దుతూ గీసి, కాగితం తిప్పి చూపించాడు.

చౌడయ్య చూశాడు. కండువా ముఖానికి అడ్డం పెట్టుకుని, "ఇదే వదినా, ఇదే," అన్నాడు. పక్కింటి ముసలావిడ వచ్చి చూసి, అచ్చు దిగినట్టుందే తల్లీ అని బుగ్గలు నొక్కుకుంది.

రంగులు వేసి, అద్దం బిగించి, మంచిరోజు చూసి పటం గూట్లో పెట్టారు. కొత్త చీర మడత విప్పి కింద పరిచారు. ముత్తయిదువలు పసుపు రాశారు. భర్త పోయిన ఆడది కాబట్టి నాగమల్లేశ్వరి స్తంభం పక్కన నిలబడి చూసింది. దీపం వెలిగించి ధనశ్రీ ఆమె దగ్గరికి వచ్చింది. నెలలు నిండుతున్నాయి, ఆయాసపడుతోంది.

"చిన్నత్తయ్య ఇట్టాగే ఉండేదా అత్తయ్యా?"

నాగమల్లేశ్వరి పటం వైపు చూసింది. నుదుట బొట్టుతో, మెడలో దండతో, ఎవరో పరాయి ఆడమనిషి తన చెల్లెలి చీర ముందు కూర్చుని సన్నకళ్ళతో తనకేసే చూస్తోంది.

"ఇట్టాగే ఉండేదమ్మా," అంది.